పదకొండు కాగితాలు, ఒకే వేలు

కోల్పమాయో
9 మే 2012

చెల్లి సబీనాకి,

ఈ ఉత్తరం మూటలో జున్ను కింద పెట్టాను. తడిసి ఉంటే జున్నుని తిట్టుకో, నన్ను కాదు. మంచులో ఆరబెట్టిన ఎండు బంగాళాదుంపలు పోయినేటివి. ఈ ఏడు మంచు ఇంకా సరిగ్గా పడలేదు, దుంపలు బయట పరిస్తే ఎండడానికి బదులు మొలకలేసేలా ఉన్నాయి. ఫోన్ చేయమని నువ్వు ఎప్పుడూ అంటావు. సిగ్నల్ కోసం సమాధుల గుట్ట ఎక్కాలి. ఎక్కేసరికి ఆయాసంతో నాకు మాట రాదు, అవతల నీకేమో ఏడుపు తప్ప ఇంకేమీ రాదు. మనిద్దరికీ ఉత్తరమే నయం.

ఇప్పుడు అసలు సంగతి. మన సంఘం కేసు మళ్ళీ తెరిచారు. కుస్కో నుంచి లాయరమ్మ వచ్చి చెప్పింది. తొంభై ఏడులో కాన్పుకని వెళ్తే, అడగకుండానే ఇక పిల్లలు పుట్టని ఆపరేషన్ చేసి పంపిన మన పదిమందీ ఈసారి ప్రాసిక్యూటర్ ముందు కూర్చోవాలట. మా అధ్యక్షురాలు లెయోకాడియా పెద్దమ్మ ఆ మాట విని, పదిహేనేళ్ళుగా పట్టుకున్న నడుం నొప్పి ఒక పూట తగ్గిందని అబద్ధం చెప్పింది. మర్నాడు మంచం దిగలేదు.

మా పద్ధతి నీకు ఎప్పుడూ రాయలేదు కదా. కోత పడ్డ మనిషి సభలో లేచి నిలబడి తనకు జరిగింది తన నోటితో చెప్పాలి. మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదు, ఓదార్చకూడదు, చేయి పట్టుకోకూడదు. అయ్యాక అందరం కలిసి ఒకే మాట అంటాం: "విన్నాం." అంతే. ఆ పద్ధతి పెద్దమ్మ పెట్టింది. డాక్టర్లు, మొగుళ్ళు, చర్చి ఫాదరు, అందరూ మధ్యలో నోరు మూయించినవాళ్ళే కాబట్టి ఇక్కడైనా ఆఖరిదాకా మాట్లాడనివ్వాలంటుంది. ఇంకో నియమం కూడా ఉంది. కోత పడ్డవాళ్ళే సంఘానికి అధ్యక్షురాలు కావాలి. అందుకే నేను రాతకోతలు చూసే మనిషిగానే ఉండిపోయాను. నాది కడుపు కోసి నా పాప ఇనెస్‌ని తీసిన పెద్ద గీత, వాళ్ళది బొడ్డు కింద చిన్న గీత. ఇనెస్ తర్వాత నాకు కడుపు పండకపోవడం వేరే సంగతి, ఆసుపత్రి నుంచి వస్తుంటే దారిలో ఒంట్లోకి పోయిన చల్లగాలి పని అది.

నీ దగ్గర నాకో పనుంది. ఆ ఏడాది నువ్వు ఆరోగ్య కేంద్రంలో కార్యకర్తగా ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని తూచేదానివి. ఎవరొచ్చారు, ఎవరేమన్నారు, ఏ కాగితాలు చూశావు, గుర్తున్నంత రాసి పంపు. నీ రాత ముత్యాల్లా ఉంటుందని లాయరమ్మకు గొప్పలు చెప్పాను, పరువు తీయకు.

నీ అక్క,
నికోలాసా

లిమా
2 జూన్ 2012

అక్కా,

జున్ను అందింది. నేను పనిచేసే ఇంటి సెన్యోరా ఒక ముక్క తిని ఇది మేక పాలదా అని అడిగింది. అవునన్నాను. ఆవుదని చెబితే మొత్తం తినేస్తుంది.

నొప్పి మాత్రలు పెద్దమ్మ కోసం పంపుతున్నాను, రోజుకి రెండు మించకూడదు. నీకు ఉన్ని స్వెట్టర్. చేతులు పొడవైతే మడుచుకో.

నువ్వు అడిగినదాని గురించి ఏం రాయాలో నాకు తెలియడం లేదు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. త్రాసు మోసుకుని తిరగడం తప్ప నాకేం గుర్తు లేదు. పదిహేనేళ్ళయింది అక్కా. అప్పట్లో మా మీద ఉన్న ఆ పెద్ద డాక్టరు ఇప్పుడు ఇక్కడే లిమాలో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు, పేపర్లో ఫోటో కూడా చూశాను. అలాంటివాళ్ళతో మీకేం పని? మానిన పుండు కెలకడమే అవుతుంది. పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదు, ఆవిడని ఆఫీసుల చుట్టూ తిప్పకు.

ఇక్కడ నా సంగతి మామూలే. బట్టలు ఉతికీ, బ్లీచింగ్ నీళ్ళతో గచ్చు కడిగీ వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. మొన్న బ్యాంకులో మిషను మీద ఏ వేలు పెట్టినా తీసుకోలేదు. "మీరసలు ఉన్నారా?" అని ఆ అబ్బాయి నవ్వాడు. నేనూ నవ్వాను.

నీ చెల్లెలు,
సబీనా

కోల్పమాయో
25 జూన్ 2012

సబీనా,

స్వెట్టర్ బాగుంది. ఉత్తరం బాగోలేదు.

మానిన పుండు అన్నావు. ఆ మాట సభలో చదవలేదు, పెద్దమ్మ చెవిన పడితే నీ మాత్రలు వెనక్కి పంపేది. లిమా గాలి తగిలాక మా గోడు నీకు పాతబడిపోయింది కాబోలు. సెన్యోరా దగ్గర నీ అక్క కోర్టులకెక్కే మనిషని తెలిస్తే నామోషీయా? ఉంటే సూటిగా చెప్పు, సర్దుకుంటాను.

ఇక్కడ పెద్ద కథే జరిగింది. ప్రాసిక్యూటర్ మా ముందు కాగితాలు పరిచాడు. ఆపరేషన్‌కి మా ఇష్టపూర్తిగా ఒప్పుకుంటున్నాం అని రాసి, కింద బొటనవేలి ముద్రలు. "సంతకం రాదు కాబట్టి వేలు వేశారు. ఒప్పుకున్నట్టే కదమ్మా" అన్నాడు. మనవాళ్ళలో ఒక్కరూ ఆ కాగితం ముఖం ఎరగరు. లాయరమ్మ వేలిముద్రల నిపుణుడికి చూపించమని పట్టుబట్టింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. మొత్తం పదకొండు కాగితాలు, పదకొండింటి మీదా ఒకే వేలు. పెద్దమ్మ పడీపడీ నవ్వింది, ఆ నవ్వులోనే నొప్పి వచ్చి గోడ పట్టుకుంది.

ఇక గెలిచామనుకున్నాం. డాక్టర్ల తరపువాళ్ళు మాట మార్చారు. ఊళ్ళో ఎవరో మోసగత్తె దొంగముద్రలు వేసి ఇచ్చింది, డాక్టర్లు నమ్మి కోశారు, వాళ్ళ తప్పేం లేదు అంటున్నారు. ఆ ముద్ర వేసిన మనిషి దొరికి, ఎవరు వేయించారో చెబితేనే కేసు నిలుస్తుంది. జనవరిలోగా దొరక్కపోతే మూసేస్తారు. ఆ వేలు ఎవరిదో దేవుడికి తెలుసు, ఆ మనిషికి తెలుసు. నేను మాత్రం ఊరూరూ తిరిగి పట్టుకుంటాను. పట్టుకున్నాక ఏం చేస్తానో నాకే తెలియదు.

పదకొండో కాగితం ఎవరిదో ఇంకా చెప్పలేదు. మాకు తెలిసినవాళ్ళు పదిమందే. ఇంకో ఆడది ఎక్కడో ఒంటరిగా ఉండి ఉంటుంది. నకళ్ళు వస్తే వెళ్ళి పలకరించాలి.

నీకేమైనా గుర్తొచ్చిందా?

నికోలాసా

లిమా
20 జూలై 2012

అక్కా,

"ఆ మనిషికి తెలుసు" అని నువ్వు రాసిన వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. నన్ను ఏమైనా అనదలుచుకుంటే ఇలా చుట్టూ తిప్పి అనొద్దు. నామోషీ మాట కూడా నువ్వు అనాల్సింది కాదు. నీ పేరు చెప్పుకుని సిగ్గుపడే రోజు నా బతుకులో రాలేదు.

ఆ నకళ్ళ కోసం వెళ్ళకు. ఇది నా ప్రార్థన అనుకో. లాయరమ్మనే చూసుకోనీ. నువ్వు ఇక్కడికి వచ్చేయ్. నాకున్న గది చిన్నదే కానీ ఇద్దరం పడతాం. కంటి డాక్టరుకి చూపిస్తాను, కళ్ళజోడు చేయిస్తాను. అక్కడ ఒంటరిగా ఉండి ఏం చేస్తావు? ఫౌస్తీనో బావ వెళ్ళిపోయాడు, ఇనెస్ లేదు. పొలం ఎవరికైనా కౌలుకివ్వు.

రాకపోతే కనీసం జవాబు రాయి. నీ మౌనం నేను తట్టుకోలేను.

సబీనా

కోల్పమాయో
3 నవంబరు 2012

చెల్లీ,

ఇన్నాళ్ళూ రాయలేదు. మొదట కోపంతో. నన్ను లిమాకి రమ్మంటే, సెన్యోరా ఇంట్లో ఇంకో పనిమనిషి కావాలేమో అనుకున్నాను. అలా అనుకున్నందుకు మన్నించు. ఆ తర్వాత వేరే కారణంతో.

నకళ్ళు వచ్చాయి. లాయరమ్మ ఆఫీసులో బల్ల మీద పెట్టి, చదవమంది. పదకొండోది చదివి, ఊరు ఇదే, పేరు కూడా నాదే, ఇంకెవరో నికోలాసా ఉందేమో అన్నాను. ఆవిడ కాగితం అడుగున వేలు పెట్టి చూపింది. ఆపరేషన్ చేసిన తేదీ చూశాను. ఇనెస్ పుట్టిన రోజు.

కుస్కోలో డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది. ఇనెస్‌ని తీసిన గీతలోంచే లోపల కట్టేశారు, అందుకే నాకు రెండో గీత లేదు. పదిహేనేళ్ళు నేను చల్లగాలిని తిట్టుకున్నాను సబీనా. కనపడిన ప్రతి ఆకూ కాచి తాగాను. ఇనెస్ ఏడు నెలల పసిగుడ్డుగా ఊపిరాడక పోయినప్పుడు, మళ్ళీ పుడుతుందిలే అని నువ్వే నన్ను ఓదార్చావు. పుట్టలేదు. మూడేళ్ళు చూసి ఫౌస్తీనో నన్ను గొడ్రాలివన్నాడు. ఊరవతల పెళ్ళిచేసుకుని నలుగురిని కన్నాడు. వాడి పిల్లలు నన్ను దారిలో చూసి దణ్ణం పెడతారు.

సభలో చెప్పాను. నేనే రాసిన నియమాల ప్రకారం లేచి నిలబడ్డాను. విన్నాం అన్నారు. తర్వాత పెద్దమ్మ నా పక్కకు వచ్చి, "ఇంకేం, నువ్వూ అధ్యక్షురాలివి కావచ్చిక" అంది. ఆవిడకి తప్ప ఇంకెవరికీ అలాంటి హాస్యం రాదు. ఇద్దరం నవ్వాం, ఆ తర్వాత ఏడ్చాం.

నిన్న చనిపోయినవాళ్ళ రోజు. ఏటా ఇనెస్ పేర పిండితో పసిపాప బొమ్మలా చేసి, ఆ రొట్టెపాపను కాల్చి సమాధి దగ్గర పెడతాను, నీకు తెలుసు. ఈసారి పిండి కలిపి, దాని ముందు కూర్చుండిపోయాను. పుట్టాల్సి ఉండి పుట్టనివాళ్ళకు కూడా చేయాలా, చేస్తే ఎన్ని చేయాలి? అడగడానికి ఎవరూ లేరు. చివరికి ఒకటే చేశాను.

ఇప్పుడు నీ మాటలన్నీ కొత్తగా అర్థమవుతున్నాయి. నకళ్ళ కోసం వెళ్ళొద్దని ఎందుకన్నావో తెలిసింది. ఆ రోజు ఆపరేషన్ గది తలుపు దగ్గర నువ్వు నిలబడి ఉన్నావు. లోపల ఏం జరుగుతోందో నీకు తెలుసు, చెబితే తట్టుకోలేనని దాచావు. ముద్ర ఎవరు వేశారో కూడా చూసే ఉంటావు. ఎవరో నిన్ను బెదిరించి ఉంటారు, అందుకేగా మరుసటి ఏడాదే ఊరొదిలి వెళ్ళిపోయావు. భయపడకు తల్లీ. పేరు చెప్పు చాలు. నిన్ను ఎవరూ ఏమీ చేయకుండా పదకొండు మందిమీ నీ చుట్టూ కూర్చుంటాం. నేను నీ పక్కనే ఉంటాను.

నీ అక్క

లిమా
15 నవంబరు 2012

అక్కా,

నా పక్కన కూర్చుంటానని రాశావు. ఆ వాక్యం చదివాక ఇక దాచడం నా వల్ల కాలేదు.

ఆ వేలు నాదే.

ఎలా జరిగిందో రాస్తాను, సాకు అనుకోకు. పెద్ద డాక్టరు మా కార్యకర్తల్ని నిలబెట్టి, పిల్లలు పుట్టని ఆపరేషన్‌కి ఒప్పుకునేవాళ్ళ పేర్లు నెలాఖరుకి తలా పదకొండు తేవాలన్నాడు. తేకపోతే ఉద్యోగం ఉండదు, ఊరికి వచ్చే పాలపొడి ఆగిపోతుంది. నేను ఒక్కరినీ ఒప్పించలేకపోయాను. ఒప్పించాలనీ లేదు. అప్పుడు నాకొక తెలివి పుట్టింది. కడుపుతో ఉన్నవాళ్ళని కొయ్యరు కదా అనుకున్నాను. వాళ్ళ పేర్లు రాసి ఇస్తే లెక్క సరిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. కాన్పులు అయ్యేనాటికి ఈ గొడవ చల్లారుతుంది, కాగితాలు ఎలకలు తింటాయి. నా చేతిలో ఉన్న కడుపుతో ఉన్నవాళ్ళ జాబితాలో పదిమందే ఉన్నారు. నువ్వూ కడుపుతోనే ఉన్నావు కానీ నిన్నింకా జాబితాకి ఎక్కించలేదు, పదకొండోది నీ పేరు రాశాను. నీకు నేనే ఏమీ కానివ్వను కదా అని, అన్నింటికంటే ధైర్యంగా రాసింది అదే.

ముద్రలు ఏవి అని అడిగాడు. వేయించుకొస్తానన్నాను. స్టాంపు ప్యాడ్ తీసి నా ముందుకు తోశాడు. "ఇంత దూరం మళ్ళీ నడుస్తావా, వేలు ఎవరిదైతేనేం, వెయ్" అన్నాడు. వేస్తుంటే పక్కన నిలబడి టీ తాగుతూ చూశాడు. పదకొండు సార్లు.

ఆ కాగితాలు ఫైళ్ళలో పడి జిల్లా ఆసుపత్రికి వెళ్ళాయి. ఎవరు కాన్పుకు వస్తే వాళ్ళ కాగితం ముందే అక్కడ సిద్ధంగా ఉంది. నీకంటే ముందు ఆరుగురు వెళ్ళొచ్చారు. వాళ్ళకేం జరిగిందో నాకు అప్పుడు తెలియదు, నొప్పి అంటే కాన్పు నొప్పులే అనుకున్నాను.

నీ రోజున తెలిసింది. నర్సు ఫైలు పట్టుకుని బయటికి వచ్చింది. నువ్వు లోపల మత్తులో ఉన్నావు. "ఈవిడ ఒప్పుకున్నట్టు ఉంది, నిజమేనా? నువ్వు చెల్లెలివి కదా" అని నన్ను అడిగింది. మంచి మనిషి అక్కా, అడిగింది. పెద్ద డాక్టరు నా వెనకే ఉన్నాడు. కాదంటే దొంగముద్ర బయటపడుతుంది, జైల్లో వేస్తారు అనుకున్నాను. తల ఊపాను. ముద్రలు వేసినందుకు నేను తెలివితక్కువదాన్ని అనుకోవచ్చు. తల ఊపినందుకు ఏ పేరూ లేదు. నీ తర్వాత వెళ్ళిన నలుగురికీ ఏం జరగబోతోందో తెలిసి కూడా నోరు విప్పలేదు.

ఏం చేయమంటే అది చేస్తాను. నిన్ను అక్కా అని పిలవొద్దంటే మానేస్తాను.

సబీనా

కోల్పమాయో
28 నవంబరు 2012

సబీనా,

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. అది నేను చదివి వినిపించాల్సింది కాదు.

డిసెంబరు పదహారు ఆదివారం సభ. బస్సు దిగి నేరుగా అక్కడికి రా. ముందు వాళ్ళ ఎదుట నిలబడి చెప్పాలి, కోర్టు ఆ తర్వాత. నీ పక్కన ఉంటానని రాశాను కానీ ఉండను. నేను పదకొండు మందిలో మనిషిని, వాళ్ళ మధ్యే కూర్చుంటాను. రాత్రికి బడి గదిలో పడుకో, దుప్పటి పెట్టిస్తాను. మా ఇంటికి రాకు.

చేయిస్తానన్న కళ్ళజోడు తేవద్దు.

నికోలాసా

కోల్పమాయో
11 ఫిబ్రవరి 2013

సబీనాకి,

జనవరి ఇరవై ఎనిమిదిన లెయోకాడియా పెద్దమ్మ పోయింది. నువ్వు పంపిన మాత్రల్లో నాలుగు మిగిలాయి. చివరి వారం ఆవిడకి ఏవీ పనిచేయలేదు. ఆవిడ ఏడుగురు కొడుకులూ కలిసి మోశారు. మేం పదిమందిమి వెనక నడిచాం. ఇప్పుడు అధ్యక్షురాలిని నేను.

కోర్టు సంగతి నీకు లాయరమ్మ చెప్పే ఉంటుంది. అయినా నేను రాస్తాను, ఎందుకంటే ఆ గదిలో నువ్వు తలెత్తలేదు, నేను అంతా చూశాను. నీ బొటనవేలు నాలుగుసార్లు అద్దించారు. నాలుగుసార్లూ నల్లటి మరక తప్ప ఒక్క గీత పడలేదు. నీ గుర్తింపు కార్డులో పాత చూపుడువేలి ముద్ర ఉంది కానీ బొటనవేలిది లేదు, పోల్చి చూడడానికి ఏమీ దొరకలేదు. అప్పుడు డాక్టర్ల లాయరు లేచి, "ఈమె ఫిర్యాదుదారు సొంత చెల్లెలు. అక్క కోసం కట్టిన కథ ఇది" అన్నాడు. జడ్జి నీ వంక చూడనైనా చూడకుండా తల ఊపాడు. నేను ఆ తల ఊపడం చూస్తూ కూర్చున్నాను. కేసు మూసేశారు. పై కోర్టుకి వెళ్తున్నాం. ఎన్నేళ్ళు పడుతుందో, మాలో ఎంతమంది మిగులుతామో తెలియదు.

నీ మీద నాకు కోపం పోలేదు. తెల్లవారి లేస్తే ముందు అదే లేస్తుంది. నీ చేతులు చూసినప్పుడు మాత్రం, కోర్టులో ఆ సిరా తుడుచుకోవడానికి నువ్వు పావడా అంచు వెతుక్కుంటున్నప్పుడు, నా దగ్గరున్న గుడ్డ ఇవ్వబోయి ఆగిపోయాను. ఇవ్వనందుకు బాధగా ఉంది. ఇచ్చి ఉంటే కూడా బాధపడేదాన్నే.

డిసెంబరు సభ గురించి చెప్పాలి. నువ్వు చెప్పడం ముగించాక ముందు పెద్దమ్మ విన్నాం అంది. తర్వాత ఒక్కొక్కరూ అన్నారు, కొందరు పళ్ళు బిగించుకుని అన్నారు, కానీ అన్నారు. నేను అనలేదు. నువ్వు నా వైపే చూస్తున్నావు, నేను నేల చూశాను. మర్నాడు పొద్దున్నే ఏమీ తినకుండా బస్సెక్కావని బడి దగ్గర చెప్పారు.

పోయేముందు పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. నొప్పి మధ్య ఊపిరి తీసుకుంటూ తిట్టింది. "మనం పదిహేనేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది ఒక్కడైనా వింటాడనేగా. అది మొత్తం చెప్పిందే, తనకేం మిగలకుండా చెప్పింది. నువ్వు నోట్లో మాట మింగి కూర్చుంటే ఆ జడ్జికీ నీకూ తేడా ఏంటే?" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. క్షమించానని అనుకోకు, ఆ మాట నా దగ్గర లేదు, ఎప్పటికైనా వస్తుందో రాదో కూడా తెలియదు. నవంబరులో రొట్టెపాపకి పిండి కలిపేటప్పుడు నువ్వు ఇక్కడ ఉండాలో వద్దో ఇప్పుడే చెప్పలేను. అధ్యక్షురాలిగా కాదు, ఆ పదకొండో కాగితం మనిషిగా, సభలో నీకు చెప్పకుండా ఆపుకున్న మాట ఈ ఉత్తరంలో పంపుతున్నాను.

విన్నాను.

నీ అక్క,
నికోలాసా